అద్దం చేసిన పని

జవహర్‌నగర్ డంపింగ్ యార్డు మీద ఎండ కాస్త ఎక్కాక నల్ల గద్దలు పైకి లేస్తాయి. నేల వేడెక్కి గాలి పైకి తన్నే వేళ అది. రెక్క ఆడించకుండా, తోకను మాత్రం అటూ ఇటూ తిప్పుకుంటూ, సుళ్లు తిరుగుతూ ఎత్తుకు పోతాయి. హైదరాబాద్ చెత్త వచ్చి చేరే చోటు కాబట్టి వాటికి తిండికి లోటుండదు. అదే జవహర్‌నగర్‌లో, షామీర్‌పేట వైపున, 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఉంది. ఇంకాస్త ముందుకు పోతే షామీర్‌పేట చెరువు, జింకల పార్కు. ముహూర్తాల రోజుల్లో ఈ దారి పొడవునా ఫంక్షన్ హాళ్ల దీపాలు వెలుగుతూనే ఉంటాయి. మొదటి కెమెరా కొనబోయే విద్యార్థి అయినా, పెళ్లి షూట్లతో బతుకు మొదలుపెట్టే కుర్రవాడైనా ఇక్కడ అడిగే ప్రశ్న ఒకటే. తక్కువ ధరలో లోపల అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ తీసుకోవాలా, అద్దం లేని మిర్రర్‌లెస్ తీసుకోవాలా?

షాపులో దీనికి జవాబు సాధారణంగా మెగాపిక్సెళ్లలో దొరుకుతుంది. మెగాపిక్సెళ్లకూ ఈ ప్రశ్నకూ సంబంధం లేదు. కెనన్ వాళ్ల చవక డీఎస్ఎల్ఆర్ ఈఓఎస్ 1500డి 2018లో వచ్చింది, 24.1 మెగాపిక్సెళ్లు. అదే కంపెనీ మిర్రర్‌లెస్ ఈఓఎస్ ఆర్50 2023లో వచ్చింది, 24.2 మెగాపిక్సెళ్లు. రెండింటిలోనూ వెలుతురును పట్టే సెన్సార్ పలక 22.3 మిల్లీమీటర్ల వెడల్పు, 14.9 మిల్లీమీటర్ల ఎత్తు. ఒకే లెన్సుతో, మంచి ఎండలో తీసిన ఫొటోలు పక్కపక్కన పెడితే ఏది దేనితో తీశారో చెప్పడం కష్టం. తేడా అంతా బటన్ నొక్కకముందు జరిగే పనిలో ఉంది. ఆ క్షణం వరకూ వెలుతురు ఎటు పోతోంది, దాన్ని ఎవరు చూస్తున్నారు అన్నదే అసలు సంగతి.

దీని మూలం తెలియాలంటే సికింద్రాబాద్ దాకా వెళ్లాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందిన రాజా దీన్ దయాళ్ 1880ల్లో అక్కడ స్టూడియో పెట్టారు. ఆయన కాలపు కెమెరా పెద్ద పెట్టె. ముందు లెన్సు, వెనక గరుకు గాజు పలక. ఫొటోగ్రాఫరు తలమీద నల్ల గుడ్డ కప్పుకుని, ఆ గాజు మీద తలకిందులుగా పడ్డ బొమ్మను చూస్తూ ఫోకస్ చేసేవాడు. తర్వాత గాజు ఉన్న చోట ఫొటో ప్లేటు జొనిపి లెన్సు మూత తీసేవాడు. ప్లేటు లోపలికి పోయాక ఇక ఏమీ కనిపించదు. కూర్చున్న నవాబు ఈలోగా తల తిప్పితే, తిప్పిన సంగతి ప్లేటుకే తెలుస్తుంది. లెన్సు చూసేదీ, ఫొటోగ్రాఫరు చూసేదీ ఒకటే కావాలి, అదీ చివరి క్షణం దాకా కావాలి. కెమెరా చరిత్రలో చాలా భాగం ఈ ఒక్క చిక్కును విప్పడానికే ఖర్చయింది.

ఆ చిక్కుకు జవాబుగా వచ్చిందే అద్దం. లెన్సు వెనక 45 డిగ్రీల వాలులో అద్దం పెడితే బొమ్మ పైకి మళ్లుతుంది. బటన్ నొక్కగానే అద్దం లేచిపోతుంది, వెలుతురు తిన్నగా ఫిల్మ్ మీద పడుతుంది. ఈ ఆలోచనకు థామస్ సట్టన్ 1861లోనే పేటెంట్ తీసుకున్నాడు. కానీ అద్దం బొమ్మను నిటారుగా నిలబెట్టగలదే తప్ప కుడి ఎడమల తారుమారును సరిచెయ్యలేదు. ఐదు ముఖాల గాజు దిమ్మె, అంటే పెంటాప్రిజం, ఆ తారుమారును కూడా సరిచేసింది. 1949లో డ్రెస్డెన్‌లో తయారైన కాంటాక్స్ ఎస్‌తో అది 35 మిల్లీమీటర్ల కెమెరాల్లోకి వచ్చింది. లేచిన అద్దం తనంతట తానే వెంటనే కిందికి దిగే ఏర్పాటు 1954లో జపాన్‌లో ఆసాహీఫ్లెక్స్ 2బితో వచ్చింది. ఫొటోగ్రాఫరు కంటికి చీకటి ఇప్పుడు కనురెప్ప పాటే. ఫిల్మ్ పోయి సెన్సార్ వచ్చాక కూడా ఈ అమరిక అలాగే సాగింది. డీఎస్ఎల్ఆర్‌లో 'డి', అంటే డిజిటల్, తప్ప మిగతాదంతా ఫిల్మ్ కాలపు ఆస్తే.

ఆ ఆస్తి ఖరీదైనది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఈ మాట చుట్టూనే ఉంది. డీఎస్ఎల్ఆర్‌లో చూపుకు ఒక యంత్రం, ఫోకస్‌కు ఒక యంత్రం, వెలుతురు కొలవడానికి మరొకటి, ఫొటో పట్టడానికి ఇంకొకటి. ధర తగ్గించాలంటే కంపెనీ ఎక్కడ కోత పెడుతుంది? సెన్సార్ మీద పెడితే ఫొటో పాడవుతుంది, అమ్ముడుపోదు. కాబట్టి కోత చూపు మీద, ఫోకస్ మీద పడుతుంది.

1500డి వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూస్తే ఈ కోత తెలిసిపోతుంది. అందులో గాజు దిమ్మె లేదు. దాని బదులు చిన్న అద్దాలు కొన్ని అతికించి పెట్టారు. గట్టి గాజు లోపల వెలుతురు ఏటవాలుగా తగిలినప్పుడు దాదాపు నష్టం లేకుండా వెనక్కి మళ్లుతుంది. పూత పూసిన అద్దం ప్రతిసారీ కాస్త మింగుతుంది. అందుకే చవక డీఎస్ఎల్ఆర్ కన్నంలో బొమ్మ చిన్నగా, మసగ్గా, సొరంగం చివర ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా అది చూపేది నిలువులో 95 శాతం, అడ్డంలో 95 శాతం. రెండూ గుణిస్తే ఫొటోలో పడబోయే వైశాల్యంలో 90 శాతమే కంటికి ఆనుతుంది. పెళ్లి మండపంలో వధూవరులను చక్కగా కుదుర్చుకున్నామనుకుంటే, కంప్యూటర్‌లో తెరిచాక అంచున ఎవరిదో మోచెయ్యి, కూలర్ మూల కనిపించేది ఇందుకే.

ఫోకస్ సంగతి ఇంకా ఆసక్తికరం. ముఖం ముందు వేలు పెట్టుకుని ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ జరిగినట్టుంటుంది. ఎంత జరిగిందో కొలిస్తే వేలు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు. కెమెరా చేసేదీ ఇదే. లెన్సు ఎడమ అంచు నుంచి వచ్చిన వెలుతురుతో ఒక బొమ్మ, కుడి అంచు నుంచి వచ్చినదానితో మరో బొమ్మ తీసుకుని, రెండింటికీ మధ్య ఎడం కొలుస్తుంది. ఎడం ఎంతుందో, ఎటువైపుందో తెలిస్తే లెన్సును ఎటు, ఎంత తిప్పాలో ఒక్కసారే తెలుస్తుంది. దీన్ని ఫేజ్ డిటెక్షన్ అంటారు.

డీఎస్ఎల్ఆర్‌లో ఈ కొలత జరిగే చోటు సెన్సార్ మీద లేదు. పెద్ద అద్దం మధ్యభాగం వెలుతురును కొంత దాటనిస్తుంది. దాని వెనక దాగిన చిన్న అద్దం ఆ వెలుతురును కెమెరా అడుగుకు దించుతుంది. అక్కడ ఫోకస్ కొలిచే ప్రత్యేక చిప్ ఉంటుంది. లెన్సు నుంచి ఆ చిప్‌కు ఉన్న దారీ, లెన్సు నుంచి సెన్సార్‌కు ఉన్న దారీ సరిగ్గా ఒకే పొడవు ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా, చిప్ "కుదిరింది" అన్నప్పుడు సెన్సార్ మీద కుదరదు. పెళ్లికూతురి కన్ను మీద పెట్టిన ఫోకస్ చెవి జుంకీ మీదికి పోతుంది. ఖరీదైన డీఎస్ఎల్ఆర్‌లలో ఈ తేడాను సవరించుకునే మెనూ ఉంటుంది. 1500డిలో లేదు, నికాన్ వాళ్ల చవక డీఎస్ఎల్ఆర్ డి3500లోనూ లేదు. అలా వచ్చిన కెమెరా అలా వాడుకోవలసిందే, లేదా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వవలసిందే. 1500డికి ఉన్న ఫోకస్ పాయింట్లు తొమ్మిది. వాటిలో నిలువు గీతలనూ అడ్డగీతలనూ రెండింటినీ పట్టగలిగేది మధ్యలో ఉన్న ఒక్కటే.

ఇప్పుడు అద్దం తీసెయ్యండి. వెలుతురు ఎప్పుడూ తిన్నగా సెన్సార్ మీదే పడుతుంటుంది. సెన్సార్ చూసినదాన్నే చిన్న ఎలక్ట్రానిక్ తెర మీద కంటికి చూపిస్తారు. ఆర్50లో ఆ తెరకు 23.6 లక్షల చుక్కలు. ఫొటోలో పడేదంతా నూటికి నూరుపాళ్లు కనిపిస్తుంది. బొమ్మ నల్లబడుతుందా, తెల్లబారుతుందా అన్నది నొక్కకముందే తెలుస్తుంది. లెన్సు మార్చుకునే కెమెరాల్లో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది పానసోనిక్ లూమిక్స్ జి1. అది 2008లో వచ్చింది. తొలి మిర్రర్‌లెస్‌లకు ఫోకస్ దగ్గర ఇబ్బంది ఉండేది. లెన్సును ముందుకూ వెనక్కీ జరిపి చూసి, స్పష్టత ఎక్కడ పెరిగిందో వెతుక్కునేవి. కదిలే వస్తువు వెంట పరుగెత్తలేకపోయేవి. 2013లో కెనన్ తన 70డి అనే డీఎస్ఎల్ఆర్ సెన్సార్‌లో ప్రతి పిక్సెల్‌నూ ఎడమ సగం, కుడి సగం అని రెండుగా చీల్చింది. రెండు కళ్ల లెక్క సెన్సార్ లోపలికే వచ్చేసింది. ఆర్50 సెన్సార్ ఇలాంటిదే. ఫోకస్ కొలిచేదీ ఫొటో పట్టేదీ ఒకే పలక కాబట్టి దారుల పొడవు తేడా అన్న జబ్బుకు చోటే లేదు. కొలిచే చోట్లు తొమ్మిది కాదు, 651.

తక్కువ ధరలో మిర్రర్‌లెస్ ఎందుకు మెరుగు అంటే నా సమాధానం ఇది. సెన్సార్ ఎలాగూ ఉండాలి. చూపు, ఫోకస్, వెలుతురు కొలత అన్నీ దానితోనే జరిగిపోతుంటే, చవక కెమెరాకూ వాటిలో మంచి వాటా దొరుకుతుంది. మనిషి కన్నును, పక్షిని, కుక్కను గుర్తుపట్టి వెంబడించడం సాఫ్ట్‌వేర్ పని. అద్దాన్ని అరగదీసి పాలిష్ చెయ్యడానికి అయ్యే ఖర్చు దానికి ప్రతి కెమెరాకూ అవ్వదు. పేద విద్యార్థి చేతికి మంచి పనిముట్టు రావడం నాకు సంతోషం కలిగించే విషయం.

గద్ద మీద లెక్క వేసి చూద్దాం. నల్ల గద్ద రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు మీటరున్నర. 60 మీటర్ల దూరంలో ఎగురుతోంది. మన దగ్గర 250 మిల్లీమీటర్ల లెన్సు. 1.5ను 250తో గుణించి 60తో భాగిస్తే, సెన్సార్ మీద దాని బొమ్మ 6.25 మిల్లీమీటర్లు. సెన్సార్ వెడల్పులో పావు వంతుకు పైనే, దాదాపు 1,700 పిక్సెళ్లు. ఈ లెక్కలో అద్దం ఎక్కడా లేదు. గద్ద ఎంత పెద్దగా పడుతుందన్నది లెన్సే తేలుస్తుంది. అది సెకనుకు 10 మీటర్ల వేగంతో అడ్డంగా పోతోందనుకుందాం. కెమెరా కదపకుండా పట్టుకుంటే, సెకనులో 500వ వంతు సమయంలో బొమ్మ 22 పిక్సెళ్లు అలికిపోతుంది. 2,000వ వంతు పెడితే ఐదారు పిక్సెళ్లు. ఇక్కడా అద్దం లేదు. షట్టర్ వేగం, గద్దతోపాటు కెమెరాను తిప్పే చేతివాటం, ఈ రెండే.

అద్దం లెక్కలోకి వచ్చేది గద్ద మనవైపు వచ్చినప్పుడు. అదే వేగంతో 20 మీటర్ల దగ్గరికి దిగిందనుకోండి. 250 మిల్లీమీటర్ల లెన్సు, దాని కన్నం ఎఫ్ 5.6 దగ్గర స్పష్టంగా ఉండే లోతు సుమారు మీటరున్నర. 1500డి సెకనుకు మూడు ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోకీ తర్వాతి ఫొటోకీ మధ్య గద్ద 3.3 మీటర్లు ముందుకొచ్చేస్తుంది, అంటే స్పష్టత లోతుకు రెండింతలు. అద్దం లేచి ఉన్నంతసేపూ ఫోకస్ చిప్‌కు వెలుతురే లేదు. కెమెరా గద్ద ఎక్కడుంటుందో ఊహించి లెన్సు తిప్పాలి. ఆర్50 సెకనుకు 12 తీస్తుంది, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో 15. మధ్యలో గద్ద కదిలేది 80 సెంటీమీటర్ల చిల్లర. స్పష్టత లోతు కంటే అది తక్కువే. వెనక ఖాళీ ఆకాశం ఉంటే డీఎస్ఎల్ఆర్ మధ్య పాయింటు కూడా బాగానే పట్టుకుంటుంది. చెత్తగుట్ట మీద రంగురంగుల కవర్ల నడుమకు గద్ద వాలేటప్పుడు తేడా బయటపడుతుంది. అక్కడ పక్షిని పక్షిగా గుర్తించే కెమెరాకే ఫోకస్ నిలుస్తుంది.

అయితే పేరులో మిర్రర్‌లెస్ ఉంటే చాలనుకుంటే మోసపోతాం. 2023లోనే వచ్చిన ఈఓఎస్ ఆర్100 ఇంకా చవక. అది మనుషుల ముఖాన్నీ కన్నునూ గుర్తుపడుతుంది, పక్షుల్ని గుర్తుపట్టదు. దాని స్క్రీన్ తిరగదు, టచ్ పనిచెయ్యదు. 2022లో వచ్చిన నికాన్ జెడ్30కి అసలు వ్యూఫైండరే లేదు. వీడియోలు తీసుకునేవాళ్లకు అది చక్కని కెమెరా. ఏప్రిల్ ఎండలో షామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడి, బరువైన లెన్సును చేతులు చాచి పట్టుకుని, మెరిసే స్క్రీన్‌లో పక్షిని వెతకమంటే మాత్రం నరకం.

అద్దం ఉన్నవాడికి దక్కే సుఖాలు కొన్ని ఉన్నాయి, వాటిని చిన్నచూపు చూడకూడదు. మొదటిది బ్యాటరీ. డీఎస్ఎల్ఆర్‌లో కన్నుపెట్టి చూస్తున్నంతసేపూ సెన్సార్ నిద్రపోతుంటుంది. చూడటానికి కరెంటు అక్కర్లేదు. నికాన్ డి3500 ఒక్క చార్జికి 1,550 ఫొటోలు తీస్తుందని ప్రమాణ పరీక్షల లెక్క. మిర్రర్‌లెస్‌లో సెన్సార్, తెర, ప్రాసెసర్ మూడూ మెలకువగా ఉండాలి. చిన్న మోడళ్లకు ఆ లెక్క మూడు నాలుగు వందల దగ్గరే ఆగుతుంది, కంటితెర వాడితే ఇంకా తగ్గుతుంది. సుముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉన్న పెళ్లికి వెళ్లేవాడు రెండు బ్యాటరీలు అదనంగా జేబులో వేసుకోకపోతే తలంబ్రాల వేళకు చేతులు ముడుచుకుని నిలబడాలి. కెమెరా ధర చూసేటప్పుడే ఆ బ్యాటరీల ధరా కలుపుకోవాలి.

రెండోది దుమ్ము. టిప్పర్లు తిరిగే రోడ్లున్న జవహర్‌నగర్ లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. డీఎస్ఎల్ఆర్ లెన్సు ఊడదీస్తే ముందు అద్దం, దాని వెనక మూసిన షట్టర్ తెర, ఆ వెనక సెన్సార్. చవక మిర్రర్‌లెస్‌లలో చాలావాటికి లెన్సు తీయగానే సెన్సార్ బట్టబయలు. ఒక్క దుమ్ము కణం కూర్చుంటే ఆకాశం ఉన్న ప్రతి ఫొటోలోనూ అదే చోట బూడిదరంగు మచ్చ పడుతుంది. కెమెరా ఆపి, నోరు నేలవైపు ఉంచి, వాహనం లోపలో గోడ చాటునో లెన్సు మార్చుకోవడం అలవాటు చేసుకోవాలి. మూడోది కిట్ లెన్సు. 1500డితో వచ్చే 18–55 లెన్సు ఎఫ్ 3.5 నుంచి మొదలవుతుంది. ఆర్50తో వచ్చే 18–45 ఎఫ్ 4.5 నుంచి. బాడీని చిన్నది చేసిన కంపెనీ లెన్సునూ చిన్నది చేసింది, ఆ మేరకు వెలుతురు తగ్గింది. ఫంక్షన్ హాల్లో ఈ తేడా తెలుస్తుంది.

ఫంక్షన్ హాల్ అన్నాం కాబట్టి లైట్ల సంగతి చెప్పాలి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. చవకరకం ఎల్ఈడీ దీపం దానితోపాటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు. మిర్రర్‌లెస్‌లో చప్పుడు లేకుండా తీసే ఎలక్ట్రానిక్ షట్టర్, సెన్సార్‌ను పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకటొకటిగా చదువుతుంది. మొత్తం చదవడానికి సెకనులో 50వ వంతు పట్టిందనుకుంటే, ఈలోగా దీపం రెండుసార్లు వెలిగి మసకబారుతుంది. ఫొటోలో పెళ్లికొడుకు తెల్ల చొక్కా మీద నల్ల చారలు పడతాయి. మామూలు షట్టర్ తెరలు సెన్సార్‌ను అంతకంటే చాలా వేగంగా దాటుతాయి కాబట్టి చారలు తగ్గుతాయి. షట్టర్ వేగాన్ని 100వ వంతు దగ్గర పెడితే ప్రతి వరుసకూ ఒక పూర్తి మినుకు అందుతుంది, ఈ రకం దీపాల కింద చారలు మాయమవుతాయి. స్టేజీ వెనక ఎల్ఈడీ గోడలు ఇంకా వేగంగా మినుకుతాయి, వాటి ముందు ముందుగానే రెండు మూడు ఫొటోలు తీసి చూసుకోవడమే దారి. గుడిలోనో ప్రార్థనలోనో నిశ్శబ్దంగా తియ్యవలసి వస్తే తప్ప, దీపాల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ జోలికి పోకండి.

ఇక లెన్సుల మాట. లెన్సు తగిలించే అమరికను మౌంటు అంటారు. 1987లో వచ్చిన కెనన్ ఈఎఫ్ మౌంటులో లెన్సు మెడ నుంచి సెన్సార్‌కు 44 మిల్లీమీటర్లు. ఆ ఖాళీ అంతా అద్దం ఊగడానికే. అద్దం పోయాక కొత్త ఆర్ఎఫ్ మౌంటులో అది 20 మిల్లీమీటర్లకు దిగింది. తేడా 24 మిల్లీమీటర్లు. కెనన్ అమ్మే అడాప్టర్‌ను చేతిలోకి తీసుకుని లోపలికి చూస్తే గాజు ముక్క ఒక్కటీ ఉండదు. బంగారు రంగు కరెంటు బొడిపెలున్న బోలు గొట్టం, మందం సరిగ్గా ఆ 24 మిల్లీమీటర్లే. అది పెడితే పాత లెన్సు తనకు అలవాటైన దూరంలో నిలబడుతుంది, ఫోకస్‌తో సహా పనిచేస్తుంది. తిరగేసి కొత్త ఆర్ఎఫ్ లెన్సును పాత 1500డికి తగిలించడం కుదరని పని. సెన్సార్‌కు 20 మిల్లీమీటర్ల దగ్గర ఉండవలసిన లెన్సు 44 దగ్గర ఆగిపోతే దూరపు వస్తువులేవీ ఫోకస్ కావు. నికాన్‌లోనూ కథ ఇదే. 1959 నాటి ఎఫ్ మౌంటు 46.5 మిల్లీమీటర్లు, కొత్త జెడ్ మౌంటు 16.

2020 తర్వాత కెనన్, నికాన్ కొత్త డీఎస్ఎల్ఆర్ మోడల్ ఏదీ తేలేదు. డి3500 తయారీ ఆగిపోయింది. అందువల్ల కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్‌లూ, వాటి లెన్సులూ తేలిగ్గా దొరుకుతాయి. ఇంట్లో అన్నయ్యవో బాబాయివో ఈఎఫ్ లెన్సులు ఉంటే ఆర్50 బాడీ, అడాప్టర్ కొనుక్కోండి, ఆ లెన్సులు వృథా కావు. ఏమీ లేకుండా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, సొమ్ము సరిపోతే, మిర్రర్‌లెస్‌తోనే మొదలుపెట్టాలి. సొమ్ము బాగా తక్కువైతే వాడిన డి3500కో 1500డికో ఒక 55–250 లాంటి లెన్సు జతచేసుకుని చెరువు గట్టుకు పోవచ్చు, ఎండలో కొంగలకూ గద్దలకూ అది లోటు చెయ్యదు. వాడిన బాడీ తీసుకునేముందు మాత్రం షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. వెడల్పుగా తెరిచిన లెన్సుతో, వరుసగా నిలబెట్టిన డబ్బాల్లో మధ్యదాని మీద మధ్య పాయింటుతో ఫోకస్ చేసి, ఫొటోను పెద్దది చేసి చూడండి. ముందు డబ్బానో వెనక డబ్బానో స్పష్టంగా వస్తే ఆ కెమెరాలో దారుల పొడవు తప్పింది. లెన్సు మార్చి మళ్లీ తీయండి. రెండో లెన్సుతోనూ అంతే అయితే ఆ బాడీని కౌంటర్ మీదే వదిలెయ్యండి.